తీర్పుకీ వేటుకీ నడుమ

యాంటీవైరస్‌కి విండోస్‌లో ఉన్న అధికారం అంతా ఇంతా కాదు. మామూలు యూజరు ముట్టుకోలేని ఫైలుని కూడా దాని సర్వీసు ‘సిస్టమ్’ హోదాలో చెరిపేయగలదు. ఆ హోదా లేకపోతే మొండి వైరస్‌ని పీకడం దానివల్ల కాదు. చిక్కల్లా, అంత హోదాతో వచ్చి, యూజరు ఇష్టమొచ్చినట్టు మార్చుకోగల ఫోల్డర్లలో పనిచేయాల్సి రావడమే. 2020లో ర్యాక్911 ల్యాబ్స్ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన కిటుకు చూడండి. ఒక ఫోల్డర్‌లో ఐకార్ పరీక్ష ఫైలు పెడతారు. అందులో ఉండేవి 68 అక్షరాలే, హాని ఏమీ లేదు, యాంటీవైరస్ మెలకువగా ఉందో లేదో చూడ్డానికే పుట్టింది. పేరు మాత్రం ఏదో ముఖ్యమైన డీఎల్ఎల్‌ది, అంటే ప్రోగ్రామ్‌లు లోడ్ చేసుకునే కోడ్ ఫైలుది. స్కానర్ చదివి ‘వైరస్’ అని తేలుస్తుంది. అది చెరిపేలోపు ఆ ఫోల్డర్‌ని తీసేసి, అదే పేరుతో డైరెక్టరీ జంక్షన్ పెడతారు. జంక్షన్ అంటే దారి మళ్లించే బోర్డు; ఇక్కడ అది ప్రోగ్రామ్ ఫైల్స్ వైపు చూపుతుంది. దాన్ని పెట్టడానికి అడ్మిన్ అనుమతి అక్కర్లేదు. స్కానర్ పాత దారినే పోయి, ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని అసలు డీఎల్ఎల్‌ని చెరిపేస్తుంది. కంచే చేను మేసిందనడానికి లేదు, మేపినవాడు వేరే. తీర్పు ఫైలు మీద, వేటు పేరు మీద పడటమే అసలు లోపం. సమయం కుదరడం అదృష్టం కదా అంటారా? విండోస్‌లో ఆప్‌లాక్ అనే సదుపాయం ఉంది: ఫైలుని తెరవబోయిన ప్రోగ్రామ్‌ని, లాక్ వదిలేదాకా గుమ్మంలోనే ఆపుతుంది. బోర్డు మార్చడానికి ఆ వ్యవధి చాలు.

చెరపడంతో పోతే నష్టం కొంతే. 2017లో భద్రతా పరిశోధకుడు ఫ్లోరియన్ బోగ్నర్ చూపిన ‘ఏవీగేటర్’ ఇదే దారిని తిరగేసింది: క్వారంటైన్‌లో పడిన డీఎల్ఎల్‌ని వెనక్కి తెప్పించేటప్పుడు జంక్షన్ పెడితే, యాంటీవైరసే దాన్ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టేది. ఏదో పెద్ద హోదా సర్వీసు దాన్ని లోడ్ చేసుకుంటే దొంగకీ అదే హోదా. అప్పటికే కంప్యూటర్‌లోకి చొరబడ్డవాడికి ఇదంతా దేనికి అన్న వాదన నాకు సబబనిపించదు. మెయిల్ అటాచ్‌మెంట్‌తో దూరినవాడి చేతిలో ఉండేది ఆ యూజరు అధికారమే. యాంటీవైరస్‌ని ఆపేయాలన్నా, ఇతరుల ఫైళ్లు తెరవాలన్నా ఈ మెట్టు ఎక్కాల్సిందే. అలాగని యాంటీవైరస్‌ని తీసేయమనడమూ తప్పే. పరిశీలించిన ఫైలుని మూయకుండా పట్టుకుని దాన్నే చెరపడం, యూజరు ఫోల్డర్లలో యూజరు హోదాతోనే పనిచేయడం తెలిసిన మందులే. అయినా మైక్రోసాఫ్ట్ డిఫెండర్ డ్రైవర్‌లో ఇలాంటి లింకు లోపమే ఒకటి, 2021 ఫిబ్రవరిలో సరిచేసేదాకా, 12 ఏళ్లు ఎవరి కంటా పడలేదు.