నెట్ స్లో అంటున్నారా? ముందు ఈ లెక్క చూడండి

కోనసీమకు ఫైబర్ కొత్త కాదు. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్ గ్రిడ్ తొలి అడుగు 2016 డిసెంబరులో ఇక్కడి మోరి గ్రామంలోనే పడింది. మరుసటి ఏడాది డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను లాంఛనంగా ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, 250 టీవీ ఛానళ్లు, ఫోను ఇస్తామన్నారు. కరెంటు స్తంభాల మీదుగానే తీగ ఊళ్లకు చేరింది. ఆ తర్వాత ప్రైవేటు కంపెనీలూ వచ్చాయి.

ఆత్రేయపురం లాంటి ఊళ్లో నెట్ ఇప్పుడు కాలక్షేపం మాత్రమే కాదు. 2023లో జీఐ గుర్తింపు పొందిన పూతరేకులకు ఆర్డర్లు వాట్సాప్‌లో వస్తాయి, పార్సిల్ బుకింగ్ ఆన్‌లైన్‌లో జరుగుతుంది. నెట్ ఆగితే బేరం ఆగుతుంది. అందుకే కాస్త నెమ్మదించగానే ఆపరేటర్‌కు ఫోన్ చేస్తాం, లేదా ఇంకా పెద్ద ప్లానుకు మారిపోతాం. ఈ రెండింటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది. మన ఇంట్లో నెట్ ఎక్కడికి పోతోందో కొలవాలి. కొలిచి చూస్తే చాలా ఇళ్లలో లోపం ప్లానులో కనిపించదు.

ఎంబీపీఎస్ వేరు, ఎంబీ వేరు

ప్లాను మీద రాసే 30 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 30 మెగాబిట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి సెకనుకు దిగేది 3.75 ఎంబీ మాత్రమే. అదే వేగంతో గంటసేపు ఆపకుండా దించితే 13.5 జీబీ, రోజంతా దించితే 324 జీబీ.

చాలా ప్రైవేటు ఫైబర్ ప్లాన్లలో అన్‌లిమిటెడ్ అన్నమాట వెనక నెలకు 3,300 జీబీ పరిమితి ఉంటుంది. అది దాటితే వేగం తగ్గిస్తారు. హెచ్‌డీ సినిమాకు గంటకు సుమారు 3 జీబీ అవుతుంది. రోజూ నాలుగు గంటలు చూసినా నెలకు 360 జీబీ. టీవీ వల్ల ఆ పరిమితి దాటడం కష్టం.

కెమెరాల సంగతి వేరు. ఒక మోస్తరు సీసీ కెమెరా తన దృశ్యాన్ని క్లౌడ్‌కు పంపడానికి 2 ఎంబీపీఎస్ తీసుకుంటుందనుకుందాం. నాలుగు కెమెరాలకు 8. అవి రాత్రింబవళ్లు పంపుతూనే ఉంటే రోజుకు 86.4 జీబీ, నెలకు 2,592 జీబీ. పరిమితిలో మూడొంతులకు పైగా కెమెరాలకే ఖర్చు! అదే రికార్డింగ్‌ను ఇంట్లోని డీవీఆర్‌లోనో మెమరీ కార్డులోనో దాచుకుంటే, మనం బయటి నుంచి ఫోనులో చూసినప్పుడే లైను వాడుతుంది.

రాత్రి ఏడింటి లెక్క

ముందు దుకాణం, వెనక ఇల్లు ఉన్న కుటుంబాన్ని తీసుకుందాం. డౌన్‌లోడ్ 30, అప్‌లోడ్ 30. టీవీలో హెచ్‌డీ సినిమాకు 5, రెండు ఫోన్లలో వీడియోలకు 6, హైదరాబాదులో ఉన్న అమ్మాయితో వీడియో కాల్‌కు 3. మొత్తం డౌన్‌లోడ్ 14. ఇంకా సగానికి పైగా ఖాళీ.

అప్‌లోడ్ చూడండి. కాల్‌కు 3, క్లౌడ్ కెమెరాలకు 8, వెరసి 11. ఈలోగా ఒక ఫోను, పగలంతా తీసిన 500 ఫొటోలను బ్యాకప్ చేయడం మొదలుపెట్టింది. ఒక్కోటి 4 ఎంబీ అనుకుంటే 2 జీబీ. మిగిలిన 19 ఎంబీపీఎస్ మొత్తం దానికే ఇచ్చినా 14 నిమిషాలు పడుతుంది. ఆ 14 నిమిషాలూ కాల్‌లో మాట తెగుతుంది, పార్సిల్ బుకింగ్ పేజీ తిరుగుతూనే ఉంటుంది. డౌన్‌లోడ్ ఖాళీగా ఉన్నా ఇలా ఎందుకు? మనం ఏది దించుకుంటున్నా, అందిందని అవతలి సర్వర్‌కు కబురు పంపుతూ ఉండాలి. ఆ కబురు వెళ్లాల్సింది అప్‌లోడ్ దారిలోనే. అందుకే డౌన్‌లోడ్ అంకె ఒక్కటే చూస్తే ఈ లోపం దొరకదు.

రూటర్ మీద భారం

దారి నిండినప్పుడు రూటర్ సమాచారాన్ని వరసలో నిలబెడుతుంది. ఆ వరసలో 1 ఎంబీ పేరుకుంటే, 30 ఎంబీపీఎస్ లైను మీద అది ఖాళీ కావడానికి 267 మిల్లీసెకన్లు. లైను 10 అయితే 800. మాటకూ మాటకూ మధ్య ముప్పావు సెకను పైన ఎడం వస్తే సంభాషణ నడవదు. వరస ఇలా పేరుకుపోవడాన్నే బఫర్‌బ్లోట్ అంటారు. ఆత్రేయపురం దగ్గర లొల్ల కాలువ లాకుల నుంచి వచ్చే నీళ్లకైనా శివారు చేల దాకా అందేట్టు వంతులు చూసే లస్కరు ఉండాలి కదా. రూటర్‌లో ఆ పనికి 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కోడెల్ అనే పద్ధతి ఇచ్చారు. మీ రూటర్‌లో అలాంటి పద్ధతిని వాడే ఎస్‌క్యూఎం అనే సదుపాయం ఉంటే, లైను వేగంలో 90 శాతానికి, అంటే 30కి 27 దగ్గర కట్టడి చేయండి. వరస పేరుకోదు.

అయితే ఈ పంపకం రూటర్ ప్రాసెసర్ మీద పడుతుంది. స్టేటస్ పేజీలో లోడ్ యావరేజ్ కనిపిస్తే ఇలా చదవండి: ఒకే కోర్ ఉన్న ప్రాసెసర్‌కు 1.00 అంటే చేతినిండా పని, 2.00 అంటే ఎంత పని చేస్తోందో అంత పని బయట కాచుకుని ఉన్నట్టు. మెమరీ నిండుగా కనబడితే మాత్రం కంగారు వద్దు. చాలా రూటర్లలో నడిచేది లినక్సే. ఖాళీ మెమరీని అది తాత్కాలిక నిల్వకు వాడుకుని, అవసరం పడగానే విడిచిపెడుతుంది. అవైలబుల్ అని చూపే అంకె రోజురోజుకూ తగ్గిపోతుంటేనే అనుమానించాలి.

కొలత మోసం చేసే చోట్లు

నెట్ వాడకాన్ని గీతల్లో చూపే ఎమ్మార్టీజీ సాధనాన్ని టోబియస్ ఓటికర్ 1995లో విడుదల చేశారు. ఇంగ్లండ్‌లోని డి మాంట్‌ఫోర్ట్ యూనివర్సిటీకి అప్పట్లో బయటి ప్రపంచంతో ఉన్నది ఒకే ఒక్క 64 కిలోబిట్ల లైను. అది ఎంత నిండుతోందో అందరికీ తెలియాలని దాన్ని రాశారు. అప్పటి అయిదు నిమిషాల సగటు పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. ఇందులో చిక్కు ఉంది. 30 ఎంబీపీఎస్ లైను ఒక నిమిషం పూర్తిగా నిండి, నాలుగు నిమిషాలు ఖాళీగా ఉంటే సగటు 6 అని చూపిస్తుంది. మీకు ఇబ్బంది కలిగింది ఆ ఒక్క నిమిషంలో. అది గీతలో కనిపించదు.

ఇంకో చిక్కు పాత కౌంటర్లది. 32 బిట్ల కౌంటర్ 4.29 జీబీ దగ్గర మళ్లీ సున్నాకు వస్తుంది. 30 ఎంబీపీఎస్ నిండుగా నడిస్తే అందుకు 19 నిమిషాలు చాలు. కరెంటు పోయి వచ్చినా చాలా రూటర్లలో లెక్క మొదటికొస్తుంది. కాబట్టి రూటర్ పేజీలో కనిపించే మొత్తాన్ని నెల లెక్క అనుకోకండి. నెల లెక్కకు కంపెనీ యాప్ చూడండి. ఏ ఫోను ఎంత లాగుతోందో ఆ ఫోను సెట్టింగుల్లో వైఫై వాడకం దగ్గర ఉంటుంది. ఓపెన్‌వర్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రూటర్ ఉంటే, వీఎన్‌స్టాట్ అనే సాధనం లైను మొత్తం వాడకం లెక్కలు దాచిపెడుతుంది.

ఇంటి బయట లెక్క

జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఒకే తీగ నుంచి 32 లేదా 64 ఇళ్లకు పాయలు చీలుస్తారు. ఆ తీగ మొత్తం డౌన్‌లోడ్ సామర్థ్యం 2,488 ఎంబీపీఎస్. 64 ఇళ్లూ ఒకేసారి గుంజితే ఇంటికి దక్కేది 39 లోపే. పండగ రాత్రుల్లో 100 ప్లానుకు 100 అందకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఫైబర్ బాక్సు పేజీలో ఆర్ఎక్స్ పవర్, అంటే బాక్సుకు అందే కాంతి బలం, సాధారణంగా మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 28, 29 అని చూపిస్తే తీగ మెలిక పడిందో, జాయింటు చెడిందో చూడమని అడగండి. అది ఆపరేటర్ సరిచేయాల్సిన పని.

ప్లాను మార్చే ముందు ఒక వారం నోటుపుస్తకం పెట్టండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఏడింటికి నాలుగు అంకెలు రాయండి: రూటర్‌కు కేబుల్ తగిలించి కొలిచిన డౌన్‌లోడ్, అప్‌లోడ్, వైఫై మీద కొలిచిన వేగం, ఫోను నుంచి రూటర్‌కు పింగ్ (కబురు వెళ్లి రావడానికి పట్టే సమయం). కేబుల్ మీద బాగుండి వైఫై మీద పడిపోతే, లేదా రూటర్ దాకానే పింగ్ 50 మిల్లీసెకన్లు దాటుతుంటే, లోపం వైఫైలో ఉంది. రూటర్ చోటు మార్చండి. అప్‌లోడ్ నిండుతుంటే కెమెరాల రికార్డింగ్‌ను ఇంట్లోనే దాచుకోండి, బ్యాకప్‌ను అర్ధరాత్రికి మళ్లించండి. కేబుల్ మీద కూడా రాత్రిపూటే వేగం తగ్గుతుంటే ఆ పుస్తకం పట్టుకెళ్లి ఆపరేటర్‌ను అడగండి. ఇవేవీ కాకుండా లైను నిజంగానే రోజూ నిండుతుంటే, అప్పుడు పెద్ద ప్లాను తీసుకోండి.