మాటరాని బిడ్డ, మెదడు చిత్రము, తల్లి వీడియో

రెండేండ్లు నిండినను మాటలాడని బిడ్డను గూర్చి మన పల్లెలలో తరచుగా వినవచ్చు సమాధానము ఒకటి కలదు: “వీని తండ్రికిని మాటలు ఆలస్యముగనే వచ్చినవి.” కొందరి విషయమున అది నిజమే కావచ్చును. కాని పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడక, తల్లి ముఖముపై దృష్టి నిలుపక, కావలసిన దానిని వ్రేలితో చూపి అడుగక, తిరుగుచున్న పంకానే గంటల తరబడి చూచుచుండు బిడ్డ విషయమున ఆ సమాధానముతో తృప్తిపడి కాలము గడుపరాదు. ఇట్టి లక్షణములు కలసి కనబడినప్పుడు వైద్యులు ఆటిజమును అనుమానింతురు. పలాస, టెక్కలి ప్రాంతములందును, ఉద్దానము తీర గ్రామములందును గల పంచాయతీ సభ్యులకు దీనిని గూర్చి ఇటీవలి పరిశోధనలు తెల్పుచున్న సంగతులను వివరింపదలచితిమి.

1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరిశీలించి ఈ స్థితిని మొదట విపులముగ వర్ణించెను. అటుపిమ్మట చాలకాలము తల్లి ప్రేమ చాలకపోవుటయే దీనికి కారణమని కొందరు పండితులు వ్రాసిరి. అది పూర్తిగ తప్పని తేలినది. అయినను మన ఊళ్ళలో తల్లిని నిందించుట నేటికిని ఆగలేదు. ఆటిజము మెదడు పెరుగుదలలోని భేదము. అందు వంశపారంపర్యమునకు పెద్ద పాత్ర కలదు. హైదరాబాదు, ఒడిశాలోని ధెంకనాల్ మొదలగు ఐదు చోట్ల జరిపి 2018లో ప్రకటించిన సర్వే ప్రకారము, రెండు మొదలు తొమ్మిదేండ్ల వయస్సుగల పిల్లలలో నూటికి సుమారు ఒకరికి ఆటిజము కలదు. కావున ఇది ఎక్కడో పట్టణములలో మాత్రమే యుండు వింత కాదు.

ఉద్దానమున క్రియాటినిన్ అను మాట తెలియని ఇల్లు అరుదు. రక్తము తీసి చూచినచో మూత్రపిండముల స్థితి అంకెలలో తెలియునని అక్కడి ప్రజలు ఏండ్ల తరబడి అనుభవమున నేర్చుకొనినారు. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రమును ప్రారంభమైనవి. కనుక మాటరాని బిడ్డకును అట్టి పరీక్ష యేదో యుండునని, తలకు స్కానింగు తీయించిన అన్నియు తేలునని తలిదండ్రులు భావించుట సహజమే. కాని ఆటిజమును నిర్ణయించు రక్తపరీక్ష లేదు, స్కానింగును లేదు. మూర్ఛలు వంటివి యున్నప్పుడు వైద్యుడు స్కానింగు వ్రాయవచ్చును. అది వేరు సంగతి. ఆటిజమును తేల్చుకొనుటకని అప్పుచేసి విశాఖపట్టణము పోయి చిత్రము తీయించుకొనుట వ్యర్థము.

అట్లయిన శాస్త్రజ్ఞులు ఈ పిల్లల మెదడు చిత్రములను ఏల తీయుచున్నారు? వంశధార ఎడమ కాలువ క్రింది రైతులకు దీనిని చెప్పుట సులభము. ఏ పిల్లకాలువ ఎక్కువ నీరు లాగుచున్నదో చూచి ఎక్కడ దమ్ము సాగుచున్నదో దూరమునుండియే చెప్పవచ్చును గదా. మెదడులో ఏ భాగము పనిచేయునో ఆ భాగమునకు ప్రాణవాయువుతో గూడిన రక్తము అధికముగ ప్రవహించును. పెద్ద అయస్కాంత యంత్రములో పరుండబెట్టి, ఆ ప్రవాహ భేదమును కొలిచి చిత్రముగ చూపవచ్చునని 1990 ప్రాంతమున సీజీ ఒగావా అను జపాను దేశీయ శాస్త్రజ్ఞుడు నిరూపించెను. యంత్రములో నున్న బిడ్డకు ఒక వీడియో చూపుచు, ఆ సమయమున ఏ భాగము మేల్కొనుచున్నదో పరిశీలింతురు.

ఆ వీడియోలలో ఒకటి మిక్కిలి చమత్కారమైనది. మనిషి కీళ్ళకు చిన్న దీపములు గట్టి చీకటిలో నడిపించినచో, చుక్కలు మాత్రమే కనబడినను అది మనిషి నడకయని మనము వెంటనే గ్రహింతుము. 1973లో స్వీడను దేశీయుడు గున్నార్ యొహాన్సన్ దీనిని ప్రకటించెను. తోలుబొమ్మలాట చూచి పెరిగిన మనకు ఇందు ఆశ్చర్యము లేదు. కీళ్ళ కదలికయే బొమ్మకు ప్రాణము. సాధారణ శిశువులు ఇట్టి చుక్కల నడకను ఇష్టపడి చూతురు. ఆటిజముగల రెండేండ్ల పిల్లలు అట్టి మక్కువ చూపలేదని 2009లో అమెరికా పరిశోధకులు ప్రకటించిరి.

పిమ్మట యేల్ విశ్వవిద్యాలయమున, ఆటల మూలముగ మాటను, కలివిడిని నేర్పు చికిత్సకు ముందును వెనుకను, పిల్లలకు ఈ చుక్కల వీడియో చూపి చిత్రములు తీసిరి. 2013లో ఇద్దరు ఐదేండ్ల పిల్లలను, 2015లో పదిమంది చిన్నపిల్లలను గూర్చి ఫలితములు వెలువడినవి. పదునారు వారముల చికిత్స పిదప మెదడు పనితీరులో మార్పు కనబడినది. అందరిలోను ఒకే విధమైన మార్పు కాదు: కొందరిలో మందముగ నున్న భాగములు చురుకైనవి, మరికొందరిలో అతిగ పనిచేయుచున్నవి శాంతించినవి. పదిమందిని చూచి లోకమంతటికి సూత్రము కట్టరాదు. అయినను చిన్ననాటి శిక్షణవలన మెదడు పనిచేయు తీరు మారగలదని ఈ చిత్రములు తెల్పుచున్నవి. “వీని తల ఇంతే” యనువారికి ఇది తగిన సమాధానము.

ఈ యంత్రము మహా శబ్దము చేయును. లోన కదలక పరుండవలెను. శబ్దమునకే బెదరు పిల్లలకు ఇది యెంత కష్టమో ఊహింపవచ్చును. అందుచే పసివారికి చేపలవలవంటి టోపీ తొడిగి, తలపైనుండియే మెదడులోని విద్యుత్తు అలలను కొలుచు పద్ధతిని కూడ వాడుదురు. ఆటిజముగల అన్నయో అక్కయో ఉన్న 54 మంది శిశువులపై ఇంగ్లండులో జరిపి 2015లో ప్రకటించిన పరిశోధనలో వీడియో చికిత్సతోపాటు ఈ కొలతయు తీసిరి. శిశువుల శ్రద్ధలో కొంత మేలు కనబడినది గాని, మాటల ధ్వనులకు మెదడు స్పందనలో ఆశించిన మేలు కనబడలేదు.

ఇచట వీడియో చికిత్స యనగా నేమో స్పష్టముగ చెప్పవలసియున్నది. బిడ్డ చేతికి ఫోను ఇచ్చి బొమ్మలు చూపించుట ముమ్మాటికిని కాదు. తల్లియు బిడ్డయు ఆడుకొనుచుండగా కొద్ది నిమిషములు చిత్రీకరించి, పిదప దానిని తల్లికే చూపుదురు. బిడ్డ గరిటెవైపు చూచుచుండగా తల్లి “ఇదిగో బంతి, ఇదిగో బంతి” యని పదిసార్లు అనుట ఆమెకే కనబడును. మరియొకచోట బిడ్డ అరక్షణము ఆమె వైపు చూచినది, ఆమె గమనింపలేదు. శిక్షకురాలు అచట వీడియో ఆపి, ఆ చూపును చూపును. మరునాటినుండి తల్లి తొందరపడక, బిడ్డ చూచినదానినే పేరుపెట్టి పలుకును, బిడ్డ బదులుకు వేచియుండును. తప్పులెన్నుటకు గాక, ఒనగూడిన క్షణములను చూపి వాటిని పెంచుటకే ఈ వీడియో.

ఇంగ్లండులో 152 మంది పిల్లలపై 2010లో పరీక్షింపబడిన ఈ విధానమును మన గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను 65 మంది పిల్లల కుటుంబములకు అనువుగ మార్చి, 2016లో ఫలితములు ప్రకటించిరి. నేర్పినవారు నిపుణ వైద్యులు కారు, తరిఫీదు పొందిన సామాన్య ఆరోగ్య కార్యకర్తలు. తలిదండ్రుల స్పందన మెరుగుపడినది. పిల్లలు తామై పలుకరించుట పెరిగినది. ఇద్దరును ఒకే వస్తువుపై కలసి దృష్టి నిలుపుటలో మాత్రము మేలు కానరాలేదు. కోట్ల రూపాయల యంత్రము లేకుండ, ఇంటి ముంగిటనే చేయదగిన పని యగుటచే మన పల్లెలకు ఇదియే ముఖ్యమని మా అభిప్రాయము.

ఇక పంచాయతీ సభ్యుల వంతు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు ఏటికి రెండుమారులు, పాఠశాలలకు ఒకమారు వచ్చి పిల్లలను చూడవలెను. అనుమానమున్నవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. సికింద్రాబాదునందలి జాతీయ సంస్థ రూపొందించిన నలువది అంశముల కొలమానముతో ఆటిజము తీవ్రతను లెక్కింతురు. ధ్రువపత్రమునకు ఆధారము ఇదియే గాని స్కానింగు కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది. అర్హతగల వికలాంగులకు మన రాష్ట్రమున 2024 జూలై నుండి నెలకు 6,000 రూపాయల పింఛను ఈయబడుచున్నది. బడి యీడు పిల్లలకు మండలములందలి భవిత కేంద్రములు కలవు.

బిడ్డ వీడియోను కార్యకర్తయు తల్లియు తప్ప ఇతరులు చూడరాదు. ఊరి వాట్సాప్ గుంపులలోనికి అది పోకుండ చూచుట సభ్యుల బాధ్యత. వైద్య బృందము వచ్చు తేదీని ముందుగ తెలిసికొని వార్డులలో చాటింపవలెను. ఆనాడు తల్లి బిడ్డవెంట ఉండుట అవసరము. బిడ్డ యెన్నడు ఏమి చేసెనో చెప్పగలది ఆమెయే. పలాస, కాశీబుగ్గలలో జీడిపప్పు కర్మాగారములకు పనికిపోవు తల్లులు అనేకులు. వారికి ఆ పూట కూలి పోకుండ సెలవు ఇప్పించుటకై యజమానులతో ముందే మాటలాడవలసియుండును.