కాన్పు తర్వాత మూత్రం కారుతోందా? దాచుకోకండి

తొలి కాన్పు. రెండు రోజులు నొప్పులు పడింది. బిడ్డ దక్కలేదు. తల్లి అయినా బతికిందని ఇంటిల్లిపాదీ ఊరట చెందారు. వారం తిరిగేసరికి ఆమెకు తెలియకుండానే పక్క తడవసాగింది. చీర మార్చిన కాసేపటికే మళ్ళీ తడి, వాసన. పేరంటాలకు వెళ్ళడం మానేసింది. నలుగురిలో కూర్చోవడం మానేసింది. ‘అంతా నా ఖర్మ’ అనుకుంది.

ఇది ఖర్మ కాదు, గాయం. డాక్టర్లు దీన్ని ఫిస్టులా అంటారు.

తల్లి కటి ఇరుకుగా ఉన్నా, బిడ్డ తల పెద్దదైనా కాన్పు ముందుకు సాగదు. గంటల తరబడి బిడ్డ తల ఒకేచోట ఇరుక్కుపోతే, ఆ తలకూ కటి ఎముకకూ నడుమ మూత్రాశయం నలిగిపోతుంది. రక్తం ఆడని చోట కండ చచ్చిపోతుంది. కొద్ది రోజుల్లో అది ఊడిపోయి, మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడుతుంది. మలాశయం వైపు పడితే మలం కూడా రావచ్చు.

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు నాలుగు చుక్కలు పడటం వేరు. పడుకున్నా, కూర్చున్నా ఆగకుండా కారుతుంటే ఫిస్టులా అని అనుమానించాలి. మూత్రాశయంలోకి నీలిరంగు మందు ఎక్కించి చూస్తే డాక్టరుకు సంగతి తెలుస్తుంది.

వెంటనే వెళ్ళడం మేలు. నాలుగు నుంచి ఆరు వారాలు కాథెటర్ అనే మెత్తని గొట్టం పెట్టి ఉంచితే, చిన్న రంధ్రాలు కొన్ని వాటంతట అవే పూడుకుంటాయి. పూడకపోతే ఆపరేషన్ చేసి కుట్టాలి. సాధారణంగా గాయం వాపు తగ్గేదాకా, అంటే సుమారు మూడు నెలలు ఆగుతారు. మొదటి ఆపరేషన్ సఫలమయ్యే అవకాశమే ఎక్కువ. కనుక ఇందులో అనుభవమున్న సర్జన్‌నే ఆశ్రయించాలి. ఏళ్ళు గడిచిపోయాయని నిరాశ పడనక్కర్లేదు. ఇథియోపియాలోని అడిస్ అబాబాలో హామ్లిన్ అనే డాక్టరు దంపతులు 1974లో ప్రత్యేకంగా ఈ జబ్బుకే ఆసుపత్రి స్థాపించారు. వేలాది స్త్రీలు అక్కడ నయమై ఇళ్ళకు వెళ్ళారు.

బాలింతకు నీళ్ళు తక్కువగా ఇవ్వడం మన ఇళ్ళలో చాలాచోట్ల ఆచారం. కారుతోందని ఇంకా తగ్గిస్తారు. ఇది పెద్ద పొరపాటు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి వాసన, మంట పెరుగుతాయి. ధారాళంగా తాగనివ్వండి. ఒరిసిన చోట కడిగి, ఆరనిచ్చి, వాజలీన్ రాయండి.

ఆపరేషన్ అయ్యాక సుమారు రెండు వారాలు గొట్టం ఉంటుంది. మూడు నెలలు భార్యాభర్తలు దూరంగా ఉండాలి. మళ్ళీ గర్భం వస్తే ముందే డాక్టరుకు ఈ సంగతి చెప్పాలి. సాధారణంగా సిజేరియనే చేస్తారు.

అసలు ఈ గాయం కాకుండా చూసుకోవడం అన్నిటికన్నా మేలు. నొప్పులు వస్తున్నా కాన్పు సాగకపోతే తెల్లవారేదాకా చూద్దామనుకోకండి. 108కి ఫోన్ చేసి, సిజేరియన్ సౌకర్యమున్న ఆసుపత్రికి చేర్చండి.

అత్తలారా, అమ్మలారా, భర్తలారా! ఆమె సిగ్గుతో నోరు విప్పకపోవచ్చు. మీరే అడగండి. వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.