చందమామ మీద గుంత ఉందని రోవర్‌కు ఎవరు చెప్పారు?

2023 ఆగస్టు 27న చంద్రుడి మీద మన ప్రజ్ఞాన్ రోవర్‌కు మూడు మీటర్ల ముందు ఓ పెద్ద గుంత ఎదురైంది. వెడల్పు నాలుగు మీటర్లు. పడితే లేపడానికి అక్కడెవరున్నారు? మరి గుంత ఎంత దూరంలో ఉందో ఎలా తెలిసింది?

ఒక పని చేయండి. ఒక కన్ను మూసుకుని, చేతులు చాపి, పెన్నుకు మూత పెట్టి చూడండి. మూత పక్కకు పోతోంది కదూ? మన రెండు కళ్లకూ కనిపించే బొమ్మల్లో కాస్త తేడా ఉంటుంది. ఆ తేడాను బట్టే మెదడు దూరం లెక్కగడుతుంది. ప్రజ్ఞాన్ ముందువైపు రెండు కెమెరాలు పెట్టింది అందుకే. అవి తీసిన ఫొటోలు, రోవర్‌ను చంద్రుడి మీద దింపిన విక్రమ్ ల్యాండర్ ద్వారా బెంగళూరుకు చేరేవి. అక్కడి శాస్త్రవేత్తలు ఎత్తుపల్లాలు చూసుకుని, ఎటు కదలాలో చెప్పేవారు. ఆ రోజు ‘వెనక్కి తిరుగు’ అన్నారు. బండి వేగమా? సెకనుకు ఒక్క సెంటీమీటరు!

అసలు ఎక్కడ దిగాలో చూసిపెట్టేది పైనున్న కెమెరా. చంద్రుడి చుట్టూ తిరిగే చంద్రయాన్-2 ఆర్బిటర్ సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకున్నంత దూరం కూడా కాదు. అక్కడి నుంచే, దిగిన విక్రమ్‌ను ఫొటో తీసింది.

అంగారకుడి దగ్గర ఇంకో చిక్కు. మన మాట చేరడానికే దాదాపు 3 నుంచి 22 నిమిషాలు. ‘ఆగు’ అనేలోపు బండి గుంతలో ఉంటుంది! అందుకే నాసా పర్సెవరెన్స్ రోవర్ ఎదురుగా ఉన్న రాళ్లను తనే చూసుకుని పక్కకు తప్పుకుంటుంది.