అప్పు చేసి ఆకాశయానం

ఇల్లు కట్టడానికో పెళ్లి చేయడానికో తెచ్చిన అప్పును బాధ్యతగా లెక్కగట్టి, చూడని దేశం చూసిరావడానికి తెచ్చిన అప్పును దుబారాగా కొట్టిపారేసే లోకరీతి దక్షిణ భారతంలోని సామాన్య కుటుంబాలలో నేటికీ బలంగానే ఉంది. ‘అప్పు చేసి పప్పుకూడు’ అనే నానుడిలోని ఎత్తిపొడుపు ఈ చూపులోంచి పుట్టినదే. కేరళలోని కొచ్చిలో, కడవంత్ర ప్రాంతంలో, ‘శ్రీ బాలాజీ కాఫీ హౌస్’ అనే చిన్న టీ కొట్టు నడిపిన కె.ఆర్. విజయన్, మోహన దంపతులు ఈ లెక్కను తిరగరాసి, 2007 నుంచి 2021 వరకు 26 దేశాలు తిరిగివచ్చారు. వారి ప్రయాణాలను సాహసాలు అనదలిస్తే, ఆ సాహసం ఎక్కిన విమానాలలో కన్నా కట్టిన వాయిదాలలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ ప్రయాణాసక్తికి మూలం తీర్థయాత్ర. తీర్థమంటే మొదట నదిని దాటే రేవు, ఆ తరువాత పుణ్యస్థలం. గృహస్థు పని మాని, ఇల్లు విడిచి రోజుల తరబడి తిరిగినా ఎవరూ తప్పుపట్టని ప్రయాణం అదొక్కటే కాబట్టి, మన పూర్వుల దేశాటనం చాలావరకు దాని చాటునే సాగింది. తెలుగులో తొలి యాత్రాచరిత్రగా పేరొందిన ఏనుగుల వీరాస్వామయ్య గ్రంథం కూడా 1830-31లో సాగిన కాశీయాత్ర నుంచి పుట్టిందే. విజయన్ చిన్నతనంలో తండ్రి వెంట మదురై, పళని వంటి క్షేత్రాలు చూశారు. తండ్రి పోయాక సంసారభారం మీదపడి ఆ తిరుగుడు ఆగిపోగా, మళ్లీ 1988లో గాని హిమాలయాలకు వెళ్లడం కుదరలేదు. 2007లో ఆ దంపతులు దేశం దాటి మొదట వెళ్లినది ఇజ్రాయెల్ కావడంలో ఒక పొందిక ఉంది: అన్యమతస్థులదే అయినా అదీ పుణ్యభూమే. ఆ మెట్టు దాటాక స్విట్జర్లాండు, సింగపూరు, బ్రెజిల్, పెరూ, అర్జెంటీనా, అమెరికా వంటి దేశాలకు వెళ్లడానికి పుణ్యం సాకు అక్కరలేకపోయింది.

వారి పద్ధతి పైకి చాలా సాదాగా ఉంటుంది. కొట్టు రాబడిలోంచి రోజుకు 300 రూపాయలు పక్కనపెట్టడం, అది చాలదు కాబట్టి బ్యాంకులో అప్పు తీసుకోవడం, ప్రయాణం చేసి వచ్చి రెండు మూడేళ్లపాటు ఆ అప్పు తీర్చడం, తీరగానే మరో అప్పుకు దరఖాస్తు పెట్టడం. రోజుకు 300 అంటే ఏడాదికి 1,09,500 రూపాయలు, మూడేళ్లకు 3,28,500 రూపాయలు. ఇద్దరి విమాన టిక్కెట్లు, వీసా రుసుములు, బస, తిండి అన్నీ ఇందులోనే ఇమడాలి, వడ్డీ కూడా ఇందులోంచే పోవాలి. కూడబెట్టాకే కదలాలనుకునేవారు డబ్బు చేతికందే వేళకు మోకాళ్లు మొరాయించే వయసుకు చేరతారు. విజయన్ దంపతులు ముందు ప్రయాణాన్ని అనుభవించి, దాని ఖరీదును తరువాతి టీలలో చెల్లించారు. సాధారణంగా అప్పు భయపెడుతుంది. ఇక్కడ అది పొదుపును క్రమం తప్పనివ్వని కాపలాదారు పని చేసింది.

26 దేశాలంటే 26 అప్పులని అనుకోనక్కరలేదు. టిక్కెట్లు, బస, భోజనం, వాహనం, మార్గదర్శి అన్నిటికీ కలిపి ఒకే ధర కట్టే ప్యాకేజీ టూరులో ఇరుగుపొరుగు దేశాలు ఒకే చుట్టులో వస్తాయి. షెంజెన్ వీసా, అంటే ఐరోపాలోని అనేక దేశాలకు ఒకే అనుమతిగా చెల్లే ముద్ర, ఆ చుట్టును మరింత తేలిక చేస్తుంది. అయితే ఏ ప్యాకేజీలోనూ కనబడని ఖర్చు ఒకటుంది: యజమానులు విదేశంలో ఉన్నన్నాళ్లూ కొట్టు మూత, రాబడి సున్న.

ఆ కొట్టులో జీతానికి పనివాళ్లు లేరు. రోజుకు మూడు వందల మందికి పైగా వచ్చే గిరాకీని ఆలుమగలిద్దరే చూసుకున్నారు. వంట, వడ్డన, గ్లాసులు కడగడం, చిల్లర లెక్క అన్నీ నాలుగు చేతులే. మలయాళులు చాయక్కడ అని పిలిచే ఇలాంటి టీ కొట్లలో టీని ఒక పాత్రనుంచి మరో పాత్రలోకి చేయెత్తి ధారగా పోసి నురగ తెప్పిస్తారు. ఈ పని రోజుకు వందలసార్లు చేసే భుజానికి విశ్రాంతి అనే మాటకు ఉండే అర్థం వేరు. గోడల మీద మాత్రం దంపతుల విదేశీ ఫోటోలు వరుసగా ఉండేవి: ఎదురుగా గ్లాసులు, వెనుక దేశాలు. మామూలుగా టీ కొట్టు గోడకు దేవుడి పటం, క్యాలెండరు ఉంటాయి. ఇక్కడ ఆ గోడే పాస్‌పోర్టు అయింది.

హరి ఎం. మోహనన్ తీసిన ‘ఇన్విజిబుల్ వింగ్స్’ అనే లఘు డాక్యుమెంటరీ, ఆ తరువాత 2019 జనవరిలో పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా చేసిన ప్రశంస వీరిని దేశమంతటికీ పరిచయం చేశాయి. ఆ ఏడాదే ఆయన చేయూతతో వారు ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ చూశారు. వాయిదాల బరువు లేకుండా సాగిన ప్రయాణం అది. వార్తలు వీరిని ‘ప్రపంచం చుట్టిన టీ కొట్టు యజమాని’ అని ఏకవచనంలో కీర్తించినప్పుడల్లా మోహన పేరు రెండో వాక్యంలోకి జరిగింది. అప్పు తీర్చిన కష్టంలో సగం ఆమెదే కాబట్టి ఈ లెక్క తప్పు.

2020 మార్చిలో కోవిడ్ కారణంగా అంతర్జాతీయ విమానాలు నిలిచిపోవడంతో వీరి ప్రయాణాలూ ఆగాయి. దారులు తెరుచుకున్నాక, 2021 అక్టోబరులో, వారు రష్యా వెళ్లారు. కేరళ చాయక్కడలలో నిత్యం నీళ్లు మరిగించే పొడవాటి లోహపాత్రను సమోవర్ అంటారు. ‘తనంతట తానే మరిగేది’ అనే అర్థం గల ఆ మాట రష్యన్ భాషది. జీవితమంతా టీ అమ్మిన మనిషి ఆ మాట పుట్టిన నేలకు చేరడం యాదృచ్ఛికమే గాని, గమనించకుండా ఉండలేని యాదృచ్ఛికం. అది ఇరవై ఆరో దేశం. తిరిగివచ్చిన కొద్ది వారాలకే, నవంబరు 19న, 71 ఏళ్ల వయసులో విజయన్ గుండెపోటుతో మరణించారు. స్వీడన్, డెన్మార్క్, నార్వే, హాలండ్, గ్రీన్‌లాండ్ చూడాలని అంతకు కొన్నేళ్ల క్రితమే ఆ దంపతులు చెప్పుకున్నారు.