దిగులుకి ఖమీరా ఒక్కటే చాలదు

చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ ఆసుపత్రి పాతబస్తీ వారికి కొత్త కాదు. గుండెదడకి, దిగులుకి హకీములిచ్చే ఖమీరా గావ్‌జబాన్, పాలల్లో కలుపుకునే అశ్వగంధ చూర్ణం మీ ఇంట్లోనూ ఉండొచ్చు. వాడొద్దనడం లేదు. కానీ నిద్రపట్టక, తిండి సయించక, ఏ పనీ చేయబుద్ధికాక రెండు వారాలు దాటితే అది ఉత్తి నీరసం కాకపోవచ్చు. డాక్టరుకి చూపించుకోండి.

గర్భిణులు అశ్వగంధ జోలికి పోవద్దు. థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వాడేవారు డాక్టరునడక్కుండా మొదలెట్టొద్దు. ఖమీరాలో పంచదార పాకం ఉంటుంది, షుగరున్నవారు జాగ్రత్త. “చూర్ణం వాడుతున్నాంగా” అని డాక్టరు రాసిన మాత్రలు మీ అంతట మీరే ఆపేయకండి. వాడేవన్నీ చీటీ మీద రాసి ఆయనకి చూపించండి.

ఇంట్లో చెప్పుకోలేకపోతే 14416కి ఫోన్ చేయండి. 2022లో మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం. తెలుగులోనే మాట్లాడొచ్చు.