నెల జీతమా, నకాశీ కుంచెనా?

శామీర్‌పేట: సంక్రాంతి మొదలు ఉగాది వరకు శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి వెంట కొమురవెల్లి మల్లన్న జాతరకు వెళ్లే భక్తులకు లెక్క లేదు. బోనం సమర్పించి, పట్నం వేయించి తిరుగుముఖం పడతారు. అక్కడికి దగ్గరలోనే వున్న చేర్యాల వరకు వెళ్లేవారు బహు తక్కువ. తరతరాలుగా పటాలు రాస్తున్న నకాశీల ఊరు అది.

పటం రాయడం తేలిక పని కాదు. ముందుగా ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలి, జిగురు కలిపి మూడుసార్లు పూత పూసి ఆరబెట్టాలి. ఆ తర్వాతనే గీత. వెనుక ఎర్రరంగు, ముందు బొమ్మలు. పూర్వం నలుపును దీపపు మసితో, తెలుపును శంఖాల పొడితో ఇంట్లోనే తయారు చేసుకునేవారు. అరవై అడుగుల పటాలు కూడా వుండేవి. అటువంటిది చేతబడితే ఇంటిల్లిపాదికీ నెలల తరబడి అదే పని.

ఇవి గోడకు తగిలించడానికి పుట్టినవి కావు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పినా, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెప్పినా, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెప్పినా వెనుక పటం వుండాలి. ఏ ఊళ్లు ఎవరివో వారి మధ్య పంపకాలు వుండేవి. పటం లేనిదే కథ లేదు, కథ లేనిదే కట్నం లేదు.

చిక్కు కూడా అక్కడే వుంది. బాగా రాసిన పటం రెండు మూడు తరాలు మన్నుతుంది. జీర్ణించాక దానిని శాస్త్రోక్తంగా నదిలో కలిపి కొత్తది రాయించుకునేవారు. అంటే పనితనం ఎంత గట్టిదైతే మళ్లీ బేరం రావడం అంత ఆలస్యమన్నమాట! ఇంతలో సినిమా, ఆ వెనుక టీవీ వచ్చాయి. కథకుల రాబడి తగ్గింది. కొత్త పటానికి డబ్బెక్కడిది? నకాశీలలో అనేకులు కుంచె వదిలి వేరే పనులు చూసుకున్నారు.

వదలని కొద్ది కుటుంబాలు పటాన్ని కురచ చేసి, ఒక్కొక్క ఘట్టాన్ని చట్రంలో బిగించే బొమ్మగా రాస్తున్నాయి. కొబ్బరి చిప్ప, రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో ముఖాల బొమ్మలు చేస్తున్నాయి. ఇది అసలు కళ కాదని పెదవి విరిచేవారున్నారు గాని, పొయ్యి వెలిగించినది ఈ చిన్న బొమ్మలే. చేర్యాల పటాలకు భౌగోళిక గుర్తింపు లభించింది. అది పేరును కాపాడుతుందే తప్ప నెలనెలా జీతం ఇవ్వదు.

ఈ చుట్టుపక్కలనే మేడ్చల్ పారిశ్రామికవాడ, తుర్కపల్లి పక్కన జినోమ్ వ్యాలీ వున్నాయి. నెల తిరిగేసరికి చేతికి జీతం వచ్చే కొలువులవి. పిల్లనిచ్చేవారు ముందు అడిగేది దాని గురించే. కాని పటం విద్య బడిలో వచ్చేది కాదు. చిన్ననాటి నుంచి తండ్రి పక్కన కూర్చుంటేనే చేయి తిరుగుతుంది. డ్యూటీ దిగి వచ్చి నేర్చుకుందామంటే కుదరదు. కొడుకు కంపెనీకి వెళ్లాడంటే ఆ ఇంట కుంచె ఆగినట్టే.

రాజుకు భాగవతం అంకితమివ్వక నాగలి పట్టాడని బమ్మెర పోతన కథ చెప్పి ఈ పిల్లలకు నీతి బోధించడం సులువు. పోతనకు దున్నుకోను పొలమైనా వుందని ఆ కథే చెబుతోంది. నకాశీకి వున్నది గుడ్డ, రంగు.

ఈసారి జాతరకు వెళ్లేవారు పూట మిగుల్చుకొని చేర్యాల వెళ్లి రావచ్చు. బొమ్మ కొనేటప్పుడు చేతితో రాసినదేనా, అచ్చు వేసినదా అని అడిగి మరీ తీసుకోవాలి. అచ్చుబొమ్మ చవక, కాని ఆ డబ్బు కుంచె పట్టినవారికి చేరదు.